మహలుకు తోడు

గుడికి ఒక్కడే వెళ్లొచ్చు, సినిమాకూ వెళ్లొచ్చు. రాజుగారి మహలు చూడ్డానికి మాత్రం ఒక్కడే వెళ్లకూడదని నా పట్టుదల. ఒక్కడే వెళ్లినవాడు రాజుగారినొక్కరినే చూసొస్తాడు. బోర్డు మీద ఆయన పేరే ఉంటుంది, గోడకు ఆయన పటమే ఉంటుంది, అద్దాల వెనక ఆయన కత్తులూ కంచాలూ ఉంటాయి. ఇంకెవరైనా కనబడాలంటే పక్కన ఏదో ఒక పని తెలిసిన మనిషి ఉండాలి.

నాకలాంటివాళ్లు ముగ్గురు దొరికారు. మొదటివాడు మా మేనత్త కొడుకు. తాపీ మేస్త్రి. రాయచూరు జిల్లా మాన్వి చుట్టుపక్కల క్యాంపుల్లో ఏ గోడ ఎన్ని పాళ్ల సిమెంటుతో లేచిందో చెప్పగలడు, ఎవరు ఇసక ఎక్కువ కలిపారో కూడా చెప్పగలడు. అందుకే కొందరు ఆయన్ని గృహప్రవేశాలకు పిలవరు. రెండో ఆయన భాయ్, బజారులో టైలరు. మూడో ఆయన రిటైరైన కన్నడ మేష్టారు. పాతూరి మనిషి, మేం సారు అంటాం. నేను క్యాంపు రైతుని, వారానికోసారి మీకు ఈ కబుర్లు రాసేవాణ్ణి.

క్యాంపు అంటే ఏమిటని బయటివాళ్లు అడుగుతుంటారు. తుంగభద్ర ఎడమ కాలువకు నీళ్లొస్తున్నాయని తెలిసి కోస్తా జిల్లాల నుంచి వచ్చి, ఇక్కడ నల్లరేగడి కొనుక్కుని వరి వేసినవాళ్ల ఊళ్లు ఇవి. మా నాన్న గుంటూరు జిల్లా నుంచి అలా వచ్చినవాడే. ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం, భాయ్ కొట్లో దక్కనీ. మా నలుగురి మాటల్లో ఈ మూడూ కలిసే ఉంటాయి.

మహళ్లు చూడ్డానికి మాకొక పద్ధతుంది. లోపలికి వెళ్లగానే విడిపోతాం. ఎవరి కాళ్లు ఎటు లాగితే వాళ్లు అటు. గంట తర్వాత నీళ్లున్న చోట కలుస్తాం. మహలన్నాక కొలనో, ఫౌంటెనో ఉండకపోదు. అక్కడ కూచుని ఒక్కొక్కరూ తాము చూసిన ఒకే ఒక్క వస్తువు గురించి చెప్పాలి. రెండోది ఎత్తితే ఆ రోజు అందరి టీ డబ్బులూ వాళ్లవే. తర్వాత నలుగురం కలిసి ఆ నాలుగింటి దగ్గరికీ వెళ్లి చూస్తాం. మిగతా మహలంతా వదిలేస్తాం. టికెట్టు డబ్బుకు ఇది అన్యాయమని మా ఆవిడ అంటుంది. నేనొప్పుకోను. నాలుగొందల వస్తువుల ముందు నాలుగేసి సెకన్లు నిలబడితే కాళ్లనొప్పులు తప్ప మిగిలేదేమీ లేదు.

ఈసారి హైదరాబాదు చౌమహల్లా అనుకున్నాం. రాయచూరు దాటి, దేవసూగూరు దగ్గర నిజాం కాలపు వంతెన మీద కృష్ణ దాటి వెళ్లాం. శుక్రవారం మహలుకు సెలవు కాబట్టి గురువారానికి పెట్టుకున్నాం.

మాన్వి మనిషికి చౌమహల్లా పరాయి రాజు ఇల్లు కాదు. 1948 దాకా రాయచూరు జిల్లా నిజాం రాజ్యంలోది. 1956 నవంబరు 1న భాషా రాష్ట్రాలు ఏర్పడ్డాకే మైసూరు వైపు వచ్చింది. అంతకుముందు ఓ ముచ్చట కూడా ఉంది. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న మా దోఆబును నిజాం 1853లో ఇంగ్లీషువాళ్ల సైన్యం ఖర్చుల బాకీ కింద వాళ్లకప్పగించాడు. ఏడేళ్ల తర్వాత 1860లో తిరిగొచ్చింది. అంటే సారు ముత్తాతల ఊళ్లు కొన్నాళ్లు తాకట్టులో ఉన్నాయన్నమాట. నా తాతలు, బావ తాతలు తెల్లవాడి రైతులు. సారు తాత, భాయ్ తాత నిజాం రైతులు. గేటు దగ్గర టికెట్లు తీసుకుంటూ సారు అన్నాడు: "మా తాత శిస్తు కట్టాడు, నేను టికెట్టు కడుతున్నాను."

నవ్వాం గానీ ఆ మాటలో నవ్వొక్కటే లేదు. 1948కి ముందు రోజుల గురించి సారు ఇంట్లో చెప్పుకునే సంగతులు వేరు, మా ఇంట్లో అసలు లేవు. మహలు అందరికీ ఒకేలా కనబడదనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

చౌమహల్లా కట్టడం 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ మొదలుపెట్టాడంటారు. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో, అంటే 1857-69 మధ్య, ఒక రూపానికొచ్చింది. 45 ఎకరాల్లో ఉండేదట, ఇప్పుడు మిగిలింది 12. దక్షిణపు ఆవరణలో నాలుగు మహళ్లు, ఉత్తరాన ఖిల్వత్ దర్బారు. చాలాకాలం పాడుబడి ఉంటే నిజాం కుటుంబపు ఎస్రా బేగం పూనుకుని, రాహుల్ మెహ్రోత్రా అనే ఆర్కిటెక్టుతో బాగుచేయించి 2005లో జనానికి తెరిచారు. 2010లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది.

ఫౌంటెను దగ్గర కలిసినప్పుడు మొదట నోరు విప్పింది బావ. ఆయన చూసిన వస్తువు ఓ స్తంభం మీద జానెడు మేర గచ్చు. మామూలు కంటికి అక్కడేమీ లేదు. పాతగచ్చు, బాగుచేసినప్పటి కొత్తగచ్చు కలిసిన చోటు అది. వేలితో తడిమి చూడబోతే గార్డు కేకేశాడట. "వాడి పని వాడు చేశాడు, నా పని నన్ను చెయ్యనివ్వలేదు" అని బావ గొణుగుడు.

ఇక మొదలుపెట్టాడు. సున్నం కాల్చి, తడిపి, నానబెట్టి, ఇసకతో కలిపి గానుగలో తిప్పేవాళ్లు. గానుగ సున్నం, డంగు సున్నం అనేది దాన్నే. బావ తాత ఆ గానుగ తోలినవాడు. పైపూతకు కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవాళ్లమని చెప్పేవాడట. సిమెంటు మర్నాటికి గట్టిపడి కూచుంటుంది. సున్నం అలా కాదు, గాలి పీల్చుకుంటూ ఏళ్ల తరబడి గట్టిపడుతూనే ఉంటుంది. అందుకే పాతదాని మీద సిమెంటు పూస్తే రెండూ పొసగవు, లోపలి తేమ బయటికి పోయే దారి లేక పెచ్చులూడతాయి. ఇక్కడ మరమ్మతు చేసినవాళ్లు సున్నాన్ని సున్నంతోనే అతికారు. "అతుకు ఎక్కడుందో నాకే పావుగంట పట్టింది" అన్నాడు బావ. ఇంకో మేస్త్రి పనిని ఆయన మెచ్చుకోగా వినడం మాకు అరుదు.

"మన తుంగభద్ర డ్యాము కూడా సిమెంటుది కాదు కదా" అని సారు గుర్తుచేశాడు. నిజమే. రాతికట్టడం, సున్నమూ ఇటికపొడీ కలిపిన సుర్కీ. ఆ డ్యాముకు 1945 ఫిబ్రవరి 28న ఎడమగట్టున శంకుస్థాపన చేసింది ఈ మహలువాళ్ల అబ్బాయే, ఏడో నిజాం పెద్దకొడుకు ఆజం జా. కుడిగట్టున మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ వేశాడు. ఆ రాయి పడకపోతే మా కాలువ లేదు, కాలువ లేకపోతే మా క్యాంపు లేదు. ఫౌంటెను గట్టున కూచుని ఆ లెక్క వేసుకుంటే కాస్త ఇబ్బందిగానే ఉంది. ఈ ఇంటికి నేనేమైనా బాకీనా? సారును అడిగాను. "ఆయన వేసింది ఒక్క రాయి. మిగతావి మోసినవాళ్లకు బాకీ ఉన్నావేమో చూసుకో" అన్నాడు.

భాయ్ చూసింది బట్టల గదిలో ఓ షేర్వాణీ. మేమంతా జరీ గురించి చెబుతాడనుకున్నాం. ఆయన చెప్పింది కాజాల గురించి. పైనుంచి కిందికి కాజాలన్నీ చేత్తో వేసినవి, దూరం తేడా లేదు, దారం ఎక్కడా లేవలేదు. "జర్దోజీ చేసేవాడు వేరే అన్నా. వాడు తయారుగా ఉన్న గుడ్డ మీద చేసుకుపోతాడు. కటింగు మాస్టరు వేరే. కాజాలు మాత్రం పిల్లగాడు వేసుంటాడు." ఎందుకంటే కాజాకు కావలసింది పదునైన చూపు, సన్నటి వేళ్లు. నలభై దాటితే ఆ పని కష్టం. భాయ్ కూడా ఏడో తరగతి మానేసి కాజాల దగ్గరే మొదలయ్యాడు. కోటుకు ఇంతని కూలి. కాజా పాడుచేస్తే గుడ్డ మొత్తం పాడైనట్టే, అతుకు వేయడానికి లేదు, కాబట్టి దుకాణంలో అందరికన్నా చిన్నవాడి చేతిలోనే అందరికన్నా పెద్ద ప్రమాదం ఉంటుంది. నిజాం షేర్వాణీ మీద కాజా వేసిన పిల్లాడి గుండె ఎలా కొట్టుకుందో ఆలోచించమన్నాడు. అస్తరు చూద్దామంటే అద్దం అడ్డం. లోపలివైపు తిప్పి పెట్టే మ్యూజియం ఒక్కటైనా ఉండాలి అని ఆయన కోరిక. నేను దీన్ని పూర్తిగా సమర్థిస్తున్నాను.

సారు వస్తువు ద్వారం మీది గడియారం. రెండువందల యాభై ఏళ్లుగా తిరుగుతోందని, వారానికోసారి తరతరాలుగా ఒకే కుటుంబంవాళ్లు వచ్చి కీ ఇస్తారని మహలువాళ్లు చెబుతారు. రాజ్యం పోయింది, భరణాలు పోయాయి, 2023 జనవరిలో ఏడో నిజాం మనవడు ముకర్రం జా భౌతికకాయాన్ని ఇదే ఖిల్వత్‌లో జనం చూసుకుని మక్కా మసీదుకు సాగనంపారు. కీ ఇచ్చేవాళ్ల వారం మాత్రం మారలేదు. సారు ముప్ఫై ఏళ్లు బడి గంటను లెక్కచూసుకున్న మనిషి కాబట్టి ఇంకేదీ ఆయనకు పట్టలేదు.

నా వంతు వచ్చింది. ఖిల్వత్ దర్బారు మధ్యలో తెల్లటి పాలరాతి వేదిక ఉంది, పైన 19 షాండ్లియర్లు. అందరూ వాటి కింద తలెత్తి ఫొటోలు తీసుకుంటున్నారు. నేను నేల చూస్తూ తిరిగాను. దర్బారు జరిగేటప్పుడు ఎవరు ఎంత దూరంలో నిలబడేవాళ్లో తెలిపే గుర్తు ఎక్కడైనా ఉందా అని. లేదు. నిలబడేవాళ్లకు తెలుసు కాబట్టి గీత అక్కర్లేకపోయింది.

అలాంటి గుర్తులు రాతి మీద ఉన్న మహలు ఒకటుంది. ఆ సంగతి అక్కడే ఫోనులో మాకు చెప్పింది సారు మనవరాలు. కొరియాలో, సోల్ నగరంలో చదువుతోంది. మా పద్ధతి విని, అక్కడ తన స్నేహితుల చేత కూడా అదే ఆట ఆడించింది. గ్యోంగ్‌బొక్‌గుంగ్ అనే మహలు ముంగిట బండపరుపు మీద రెండు వరసల్లో చిన్న చిన్న రాతిఫలకాలున్నాయట. తూర్పున పరిపాలన అధికారులు, పడమట సేనాధికారులు. ఒకటో శ్రేణి సింహాసనం దగ్గర, తొమ్మిదోది గేటు వైపు. రాజోద్యోగి తన రాయి పక్కన నిలబడాలి. మనవరాలు తొమ్మిదో శ్రేణి రాయి పక్కన నిలబడి ఫొటో పంపింది. హన్‌బొక్ తొడుక్కుంది. ఆ బట్టలతో వస్తే అక్కడ మహలుకు టికెట్టు లేదు, అందుకని చుట్టుపక్కల అద్దె దుకాణాలు బోలెడు. భాయ్ ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూసి, "గుండె మీద కట్టే లంగా, పైన ముడి. ఎవరికైనా సరిపోతుంది. కొలతలు తియ్యకుండా అద్దెకియ్యొచ్చు" అని అక్కడి వ్యాపార రహస్యం తేల్చేశాడు.

ఆ మహలూ మన మహళ్లలాగే దెబ్బలు తిన్నదే. 1395లో కట్టారు. 1592లో జపాను దండయాత్రలో కాలిపోయింది. రెండున్నర వందల ఏళ్లకు పైగా శిథిలంగానే ఉండి, 1860ల్లో మళ్లీ లేచింది. ఇరవయ్యో శతాబ్దంలో జపాను ఏలుబడి వచ్చాక చాలా భాగం పడగొట్టి, ఎదురుగా తమ పాలనా భవనం కట్టుకున్నారు. ఆ భవనాన్ని కొరియావాళ్లు 1995-96లో కూల్చేశారు. ఇప్పుడు ఆవరణలోనే 2005లో తెరిచిన రాజమహల్ మ్యూజియం ఉంది. రాజముద్రికలు, చివరి చక్రవర్తి కాడిలాక్, ఆయన రాణి డైమ్లర్. ఇక్కడ నిజాం పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఉన్నట్టే. రాజ్యం చివరికొచ్చేసరికి రాజులందరికీ కార్ల మీద మోజు పుట్టడం ఏమిటో!

మనవరాలు చెప్పిన వస్తువు మాత్రం కారు కాదు, నీటి గడియారం. 1434లో సెజోంగ్ రాజు కోసం జాంగ్ యోంగ్‌సిల్ అనేవాడు తయారుచేసినదాన్ని చూసి మళ్లీ చేసిన నమూనా. తొట్టెల్లోంచి నీళ్లు దిగుతుంటే తేలుడు కడ్డీ లేస్తుంది, గోళీ జారుతుంది, ఆ గోళీ దెబ్బకు కొయ్యబొమ్మలు తమంతట తామే గంట, డోలు, కంచుపళ్లెం మోగిస్తాయి. నిద్రపోయినందుకు కాపలావాడు దెబ్బలు తినే అవసరం తప్పింది. అది చేసిన యోంగ్‌సిల్ ప్రభుత్వ బానిస కొడుకు. పనితనం చూసి రాజు ఉద్యోగమిచ్చి పైకి తెచ్చాడు. 1442లో ఆయన పర్యవేక్షణలో చేసిన రాజుగారి పల్లకి విరిగింది. రాజు అందులో ఎక్కను కూడా లేదు. అయినా కొరడా దెబ్బలు, ఉద్యోగం ఊడింది. ఆ తర్వాత ఆయన ఏమయ్యాడో రాజ్యపు రికార్డుల్లో ఒక్క మాట లేదు.

"పని బాగుంటే రాజు పేరు, చెడితే మేస్త్రి పేరు" అని బావ వెంటనే పట్టుకున్నాడు. నేను కాదన్నాను. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, పారే నీళ్లలోనే స్టాప్‌లాగులనే అడ్డుపలకలు దింపించిన కన్నయ్యనాయుడు పేరు మా క్యాంపుల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ వారం మేం దేవుడి కన్నా ఆయన్నే ఎక్కువ తలుచుకున్నాం. "సరే, మిగతా ముప్ఫైరెండు గేట్లను డెబ్భై ఏళ్లు తెగకుండా చూసినవాళ్ల పేర్లు ఒక్కటి చెప్పు" అన్నాడు బావ. నేను టీ తాగాను.

అక్కడితో ఆగితే ఆ పిల్లకు టీ ఖర్చు తప్పేది. రెండో వస్తువు ఎత్తింది. ఆ మ్యూజియంలో ఉయిగ్వె అనే పుస్తకాలున్నాయట. రాజుగారి పెళ్లి, చావు, కోట కట్టడం, ఏ పెద్ద కార్యమైనా అయిపోయాక కార్యాలయం పెట్టి, ఏం జరిగిందీ ఎంత ఖర్చయిందీ బొమ్మలతో సహా రాసి పుస్తకం చేసేవాళ్లు. రాజుకు మంచి కాగితం మీద ఒకటి, కచేరీలకు మామూలువి. 1866లో ఫ్రెంచి నావికులు ఎత్తుకుపోయిన వాటిని, ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయంలో పనిచేసిన పార్క్ బ్యోంగ్‌సన్ అనే కొరియా మహిళ 1975లో గుర్తించింది. 297 సంపుటాలు 2011లో వెనక్కొచ్చాయి. ఇంత గొడవ ఎందుకంటే, వాటిలో పనివాళ్లున్నారు. సోల్‌కు దక్షిణాన హ్వాసోంగ్ అనే కోటను జొంగ్‌జో రాజు 1794-96లో కట్టించాడు. 1801లో అచ్చయిన దాని ఉయిగ్వెలో రాతిపనివాడు, వడ్రంగి, కమ్మరి, ఒక్కొక్కరి పేరు, ఎన్ని రోజులు పనిచేశాడు, ఎంత కూలి. ఇంటి పేరూ ఒంటి పేరూ సరిగా లేనివాళ్లను మన పల్లెల్లో పిలిచినట్టు పెద్దోడు, చిన్నోడు అనే రాసేశారు. పాడైన ఆ కోటను 1970ల్లో మళ్లీ నిలబెట్టింది ఆ పుస్తకం చూసుకునే.

ఫోను పెట్టేశాక బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ స్తంభం దగ్గరికి మళ్లీ వెళ్లాం. సున్నాన్ని సున్నంతో అతికినవాడి పేరు ఏ బోర్డు మీదా కనబడలేదు. సంస్థ పేరు, ఆర్కిటెక్టు పేరు, అవార్డు సంవత్సరం ఉంటాయి, ఉండాలి కూడా. దాని కింద మేస్త్రీల పేర్లు పది రాయడానికి ఎంత రంగు ఖర్చవుతుంది? మహలును బాగుచేయించే ప్రతివాళ్లనూ నేనడిగేది ఇదొక్కటే.

వచ్చే సెలవులకు సారు మనవరాలు తనతో గదిలో ఉండే కొరియా అమ్మాయిని వెంటబెట్టుకుని మాన్వి వస్తోంది. ఆ పిల్లకు ఏం చూపించాలన్నది తిరుగు బస్సులోనే మొదలైన తగాదా. సారు హంపి అన్నాడు. భాయ్ బిజాపూర్ అన్నాడు. బావ రాయచూరు కోట గోడ అన్నాడు.

ఆ గోడ సంగతి ఇక్కడివాళ్లకు తెలిసిందే. కోట పడమటి గోడలో 41 అడుగుల పైచిలుకు పొడవున్న ఒకే రాయి ఉంది. దాని మీద తెలుగు శాసనం, 1294 నాటిది. కాకతీయ ప్రతాపరుద్రుడి కాలంలో గోన విఠలుడు ఆదవాని, తుంబళం, మానువ, హాలువ కోటలు పట్టుకుని రాయచూరు చేరి ఈ కోట కట్టించాడని చెబుతుంది. ఆ మానువ మా మాన్వేనని చరిత్రకారుల మాట. మా నాన్నలు కాలువ వెంట రావడానికి ఆరున్నర వందల ఏళ్ల ముందే ఇక్కడ తెలుగులో రాయి చెక్కించినవాళ్లున్నారన్నమాట.

బావ చూపించాలనుకున్నది శాసనం కాదు, పక్క గోడ మీది బొమ్మ. ఆ రాయిని గని నుంచి ఎలా తెచ్చారో గీతల్లో చెక్కారు. గట్టి చక్రాల బండి, మీద రాయి, ముందు బారుగా దున్నలు, వాటిని అదిలిస్తూ మనుషులు, వెనక చక్రాల కింద సన్నలు వేసి నెడుతున్నవాళ్లు. పేర్లు లేవు. కానీ మోసినవాళ్లను మోస్తుండగా గోడకెక్కించారు. రాజుగారి బొమ్మ వేసుకోవలసిన చోట దున్నలను వేసుకున్నారు. ఉయిగ్వె చదివిన పిల్లకు ఇది చూపించకపోతే ఇంకేం చూపిస్తామని బావ వాదన. అందరం ఒప్పుకున్నాం.

ఒప్పుకున్నాక అసలు గొడవ. ఆ బొమ్మలో ఒక్కణ్ణి ఎంచుకోవాలంటే ఎవర్ని? దున్నలను తోలేవాడని భాయ్. అన్ని దున్నలు ఒక్క అడుగు కలిపి వెయ్యడం ఆ గొంతు మహిమేనంటాడు. బొమ్మ చెక్కినవాడని సారు. బావ మాత్రం వెనక సన్న పట్టినవాణ్ణి వదలడు. దున్నలు లాగుతాయి సరే, చక్రం గుంతలో దిగిందంటే దాన్ని ఏ వైపు నుంచి ఎంత లేపాలో తెలిసినవాడు వాడేనట. చక్రం ఎత్తు, రాయి పొడవు చూస్తే బరువు ఎంతుంటుందో లెక్క కట్టొచ్చంటున్నాడు. టేపు తెస్తానన్నాడు. ముట్టుకోవద్దని గార్డు కేకేస్తే ఈసారి కన్నడంలో మాట్లాడే బాధ్యత సారుకు అప్పగించాం.